ధనుర్వాతం కేసులను చదవడం, టీకా లోటును పూడ్చడం ఎలా?

ధనుర్వాతం ఒక మనిషి నుంచి మరొక మనిషికి సోకే వ్యాధి కాదు. తట్టు, పోలియో వంటి వ్యాధుల విషయంలో చుట్టుపక్కల ఉన్నవారిలో ఎక్కువమంది టీకా వేయించుకుంటే, వేయించుకోనివారికి కూడా కొంత రక్షణ లభిస్తుంది. ధనుర్వాతంలో అటువంటి సామూహిక రక్షణ లేదు. ఊరంతా టీకా వేయించుకున్నా, వేయించుకోని ఒక్కరికి ఉన్న ప్రమాదం ఏమాత్రం తగ్గదు. అందువల్ల ఈ వ్యాధి ఎక్కడ కనిపించినా, ఆ వ్యక్తికి జీవితంలో ఏదో ఒక దశలో అందవలసిన డోసు అందలేదని దాదాపు నిశ్చయంగా చెప్పవచ్చు. పూర్తిగా డోసులు పొందినవారిలో ఈ వ్యాధి చాలా అరుదు. కేసుల జాబితాను వయసు, లింగం, గాయం అనే మూడు కోణాలలో పరిశీలిస్తే టీకా కార్యక్రమం ఎక్కడ తెగిపోయిందో తెలుస్తుంది. ఆ పరిశీలన ఎలా చేయాలో, దాని ఆధారంగా మనకూ మన కుటుంబానికీ మన పరిధిలోని ప్రజలకూ ఏం చేయాలో ఇక్కడ వివరిస్తున్నాను. ఆరోగ్య కార్యకర్తలనూ, రికార్డులు చూసే సిబ్బందినీ, ఇంటి బాధ్యత మోసే సాధారణ పాఠకులనూ దృష్టిలో పెట్టుకొని రాసినది ఇది.

ముందుగా వ్యాధి పనిచేసే తీరు తెలియాలి, ఎందుకంటే కేసులు కనిపించే క్రమమంతా దాని నుంచే వస్తుంది. క్లాస్ట్రీడియం టెటాని అనే బ్యాక్టీరియా గాలి తగలని చోట పెరుగుతుంది. అనుకూల పరిస్థితి లేనప్పుడు అది సిద్ధబీజాల (గట్టి పొరతో నిద్రాణంగా ఉండే స్పోర్ల) రూపంలో మట్టిలో, దుమ్ములో, జంతువుల పేడలో ఏళ్ల తరబడి నిలిచి ఉంటుంది. మామూలుగా నీటిలో మరిగించడం వల్ల ఈ సిద్ధబీజాలు నశిస్తాయని నమ్మలేము. అధిక పీడనపు ఆవిరితో 121 డిగ్రీల సెల్సియస్ వద్ద కనీసం 15 నిమిషాలు శుద్ధి చేస్తే నశిస్తాయి. లోతైన గాయంలో, చచ్చుబడిన కణజాలంలో సిద్ధబీజాలు మొలకెత్తి బ్యాక్టీరియాగా మారి, టెటానోస్పాస్మిన్ అనే విషాన్ని విడుదల చేస్తాయి. ఆ విషం నరాల వెంట వెన్నుపాముకు చేరి, కండరాలను సడలించే సంకేతాలను అడ్డుకుంటుంది. అప్పుడు కండరాలు బిగుసుకొనే ఉండిపోతాయి. శరీరం విల్లులా వెనక్కి వంగడం వల్లనే ఈ వ్యాధికి ఆ పేరు వచ్చింది.

తుప్పు పట్టిన మేకు గుచ్చుకుంటేనే ధనుర్వాతం వస్తుందని చాలామంది నమ్ముతారు. తుప్పుకు ఈ వ్యాధితో సంబంధం లేదు. మేకు చేసే గాయం సన్నగా, లోతుగా, గాలి తగలకుండా ఉండడమూ, దానితోపాటు మట్టి లోపలికి వెళ్లడమూ అసలు కారణాలు. కొత్త మేకైనా, ముల్లైనా, చెక్క పేడైనా అంతే ప్రమాదకరం.

ఈ విషం ఎంత శక్తిమంతమంటే, ప్రాణం తీసేంత మోతాదు కూడా శరీరంలో రోగనిరోధక స్పందనను రేపడానికి చాలదు. కాబట్టి ఒకసారి ధనుర్వాతం వచ్చి కోలుకున్నవారికి మళ్లీ రాకుండా రక్షణ ఏర్పడదు. సహజంగా రక్షణ పొందే మార్గం మూసుకుపోయిన ఈ వ్యాధిలో ఒక సమాజంలోని రక్షణ మొత్తం టీకా వల్ల వచ్చినదే. కేసుల జాబితాను ఆధారంగా తీసుకోవడానికి ఇది రెండో కారణం.

కేసుల జాబితాను ఎలా చదవాలి

మొదట వయసు చూడండి. కేసులు పుట్టిన మొదటి నెలలో కనిపిస్తే లోపం శిశువులో లేదు. తల్లికి టీకా అందలేదని, ప్రసవ సమయంలో శుభ్రత లేదని ఒకేసారి తెలుస్తుంది. తల్లి శరీరంలోని ప్రతిరక్షకాలు (యాంటీబాడీలు) మాయ ద్వారా గర్భంలోని బిడ్డకు చేరుతాయి గనుక, తల్లికి సరైన రక్షణ ఉంటే బొడ్డుకోత అపరిశుభ్రంగా జరిగినప్పటికీ బిడ్డ చాలావరకు సురక్షితం. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం 1988లో 7,87,000 మంది నవజాత శిశువులు ఈ వ్యాధితో మరణించారు. 2018 నాటికి ఆ సంఖ్య సుమారు 25,000కు తగ్గింది. ఈ తగ్గుదలలో గర్భిణులకూ ప్రసవ వయసు స్త్రీలకూ వేసిన టీకాలది, మెరుగైన ప్రసవ సేవలది ప్రధాన పాత్ర.

కేసులు బడి వయసు పిల్లలలో కనిపిస్తే, శైశవంలో వేయవలసిన తొలి మూడు డోసులు అందలేదని గానీ, ఆ తరువాతి బూస్టర్లు వదిలేశారని గానీ అర్థం. ఈ రెండింటిలో ఏది జరిగిందో టీకా కార్డు చూస్తే వెంటనే తెలుస్తుంది. పరిష్కారం కూడా దాన్ని బట్టే మారుతుంది. తొలి డోసులే అందకపోతే లోపం శిశు టీకా కేంద్రంలో ఉంది. బూస్టర్లు వదిలేస్తే బడులలో టీకా వేసే ఏర్పాటు లేదని అర్థం.

వయోజనులలో కనిపించే క్రమం మరింత ఆసక్తికరమైనది. అనేక దేశాలలో స్త్రీలకు గర్భధారణ సమయంలో డోసులు అందుతాయి, పురుషులకు అటువంటి సందర్భం ఉండదు. అందువల్ల ఆ దేశాలలో వయోజన కేసులలో పురుషుల వాటా ఎక్కువగా ఉంటుంది. పొలం పని, నిర్మాణం పని వంటి గాయాలయ్యే వృత్తులు కూడా ఇందుకు తోడవుతాయి. అమెరికా వంటి దేశాలలో మాత్రం వృద్ధ స్త్రీలలో రక్షణ తక్కువగా కనిపించింది. వారి తరం పురుషులలో చాలామందికి సైన్యంలో టీకా అందడం అందుకు ఒక కారణం. రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా సైన్యం సైనికులకు టాక్సాయిడ్ (హాని చేయకుండా మార్చిన ధనుర్వాత విషం) టీకా వేసింది, లక్షలాది గాయాలు నమోదైన ఆ యుద్ధకాలమంతటిలో ఆ సైన్యంలో నమోదైన ధనుర్వాతం కేసులు 12 మాత్రమే. స్త్రీ పురుషుల నిష్పత్తి ఒక వైపుకు ఒరిగినప్పుడు, ఆ సమాజంలో టీకా ఏ సందర్భంతో ముడిపడి ఉందో ఆలోచించండి. ఆ సందర్భం లేనివారే ఎక్కువగా వ్యాధికి గురవుతారు.

వృద్ధులలో కేసులు పెరిగితే రెండు కారణాలు వెతకాలి. టీకా కార్యక్రమం మొదలుకాక ముందు పుట్టినవారికి తొలి డోసులే అంది ఉండకపోవచ్చు. ప్రపంచ ఆరోగ్య సంస్థ విస్తృత టీకా కార్యక్రమాన్ని 1974లో ప్రారంభించింది గనుక, అంతకు ముందు పుట్టినవారిని ఈ కోణంలో ప్రత్యేకంగా అడగడం మంచిది. డోసులు అందినవారిలో కూడా దశాబ్దాలు గడిచేకొద్దీ ప్రతిరక్షకాలు తగ్గుతాయి.

తరువాత గాయం స్వభావం చూడండి. గుచ్చుకున్న గాయాలు, కాలిన గాయాలు, నలిగిన గాయాలు ఎక్కువ ప్రమాదకరమైనవి. అయితే జాబితాలో చాలాకాలంగా మానని కాలి పుండ్లు, మధుమేహం వల్ల ఏర్పడిన పుండ్లు, చీము కారే చెవి, శుద్ధి చేయని సూదులతో మాదకద్రవ్యాలు ఎక్కించుకోవడం వంటివి కూడా కనిపించవచ్చు. కొందరు రోగులలో గాయం జాడే దొరకదు, ఎందుకంటే అది గుర్తుంచుకోదగినంత పెద్దది కాదు. గాయం అయినప్పుడు టీకా వేయడం అనే పద్ధతి ఒక్కదానిపైనే ఆధారపడిన వ్యవస్థ ఇటువంటి రోగులను ఎన్నటికీ కాపాడలేదు.

విపత్తుల తరువాత కనిపించే క్రమం వేరు. 2004 డిసెంబరు సునామీ తరువాత ఇండోనేషియాలోని ఆచే ప్రాంతంలో 106 ధనుర్వాతం కేసులు, 20 మరణాలు నమోదయ్యాయి. విపత్తు కొత్త బ్యాక్టీరియాను తీసుకురాలేదు. వేలమందికి ఒకే రోజున మురికి గాయాలు కావడంతో, వయోజనులలో అప్పటికే ఉన్న టీకా లోటు ఒక్కసారిగా బయటపడింది. గాయం తరువాత వ్యాధి బయటపడడానికి 3 నుంచి 21 రోజులు పడుతుంది కాబట్టి, విపత్తు జరిగిన రెండో వారంలో కేసులు గుంపుగా రావడం సహజం. ఆ గుంపును చూసి వ్యాధి ఒకరి నుంచి ఒకరికి వ్యాపిస్తోందని అనుకోకూడదు. ఆ వ్యవధి ఎంత తక్కువైతే వ్యాధి అంత తీవ్రంగా ఉంటుందన్నది కూడా గుర్తుంచుకోవాలి.

జాబితాలో సున్నా కనిపించినప్పుడు సంతోషించే ముందు కొంత అనుమానించడం మేలు. నవజాత శిశువుల ధనుర్వాతం ఎక్కువగా ఇళ్లలో జరిగే ప్రసవాలలో వస్తుంది. జననమూ నమోదు కాక, మరణమూ నమోదు కాక ఆ బిడ్డ లెక్కలలోకే రాకపోవచ్చు. ఆసుపత్రి ప్రసవాలు తక్కువగా ఉండి, తల్లుల టీకా రికార్డులు బలహీనంగా ఉన్న ప్రాంతంలో సున్నా కేసులు అంటే లెక్క సరిగా జరగలేదని అనుకోవడమే సురక్షితం. ప్రతి జిల్లాలోనూ వెయ్యి సజీవ జననాలకు ఒకటి కంటే తక్కువ కేసులు ఉండడాన్ని నవజాత ధనుర్వాత నిర్మూలనకు ప్రమాణంగా పెట్టుకున్నారు. దేశం మొత్తానికి సగటు తీయకుండా ప్రతి జిల్లానూ విడిగా చూడడంలోని ఉద్దేశం కూడా ఇదే, సగటు వెనుక బలహీనమైన జిల్లా దాగిపోకూడదు.

కేసును గుర్తించడం

ధనుర్వాతాన్ని నిర్ధారించే నమ్మకమైన రక్తపరీక్ష గానీ, గాయం నుంచి తీసే నమూనా పరీక్ష గానీ లేదు. లక్షణాలను చూసే వైద్యులు నిర్ణయిస్తారు. సాధారణంగా మొదట దవడ బిగుసుకుపోయి నోరు తెరవడం కష్టమవుతుంది. తరువాత మెడ బిగుసుకోవడం, మింగలేకపోవడం, పొట్ట కండరాలు గట్టిపడడం, చిన్న శబ్దానికీ వెలుతురుకూ తాకిడికీ బాధాకరమైన ఈడ్పులు రావడం జరుగుతుంది. ఈడ్పుల మధ్య రోగికి స్పృహ ఉంటుంది, ఈ వ్యాధిలోని బాధ తీవ్రతకు అది కూడా ఒక కారణం. పంటి కింద చీము పట్టినా, కొన్ని మందుల దుష్ప్రభావం వల్లనైనా దవడ బిగుసుకోవచ్చు గనుక ఆ విషయాలు కూడా అడగాలి.

నవజాత శిశువు విషయంలో గుర్తు స్పష్టంగా ఉంటుంది. మొదటి రెండు రోజులు మామూలుగా పాలు తాగి, ఏడ్చిన బిడ్డ, 3వ రోజు నుంచి 28వ రోజు లోపల పాలు తాగలేకపోయి, ఒళ్లు బిగుసుకొని, ఈడ్పులకు గురైతే ధనుర్వాతంగా అనుమానించి వెంటనే ఆసుపత్రికి తరలించాలి. ఈ రెండు రోజుల వివరం తల్లి నోటి నుంచే రావాలి. కాబట్టి తల్లితో మాట్లాడకుండా కేసు విచారణ పూర్తయినట్టు కాదు.

డోసులు లెక్కించడం

మీ వద్ద ఉన్న టీకా కార్డును ముందు పెట్టుకోండి. కార్డు లేకపోతే జ్ఞాపకం మీద ఆధారపడి డోసు అందిందని అనుకోవడం కంటే, అందలేదనుకొని లెక్క మళ్లీ మొదలుపెట్టడం ఎక్కువ సురక్షితం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2017లో ప్రకటించిన సిఫారసుల ప్రకారం బాల్యం నుంచి మొత్తం 6 డోసులు కావాలి. ఆరు వారాల వయసు నుంచి కనీసం నాలుగు వారాల వ్యవధితో మూడు తొలి డోసులు, ఆ తరువాత 12 నుంచి 23 నెలల మధ్య, 4 నుంచి 7 ఏళ్ల మధ్య, 9 నుంచి 15 ఏళ్ల మధ్య ఒక్కొక్క బూస్టర్ చొప్పున మూడు. ఇవి డిఫ్తీరియా, కోరింత దగ్గు వంటి వ్యాధుల టీకాలతో కలిపి ఇచ్చే మిశ్రమ టీకాల రూపంలో వస్తాయి. దేశాన్ని బట్టి వయసులలో కొద్దిపాటి మార్పులు ఉంటాయి, మీ దేశపు పట్టికనే అనుసరించండి.

కౌమారంలో గానీ, పెద్దయ్యాక గానీ మొదటిసారి టీకా తీసుకునేవారికి 5 డోసులు చాలు. మొదటి రెండింటి మధ్య కనీసం నాలుగు వారాలు, రెండోదానికీ మూడోదానికీ మధ్య కనీసం ఆరు నెలలు, ఆ తరువాతి రెండింటికీ కనీసం ఏడాది చొప్పున వ్యవధి ఉండాలి. మధ్యలో ఆలస్యమైతే మొదటి నుంచి ప్రారంభించనక్కరలేదు. ఎక్కడ ఆగారో అక్కడి నుంచి కొనసాగిస్తే సరిపోతుంది. ఈ ఒక్క విషయం తెలియక చాలామంది లెక్క తప్పిపోయిందని నిరాశపడి మానేస్తారు.

గర్భిణికి గతంలో ఏ డోసూ అందకపోతే, కనీసం నాలుగు వారాల వ్యవధితో రెండు డోసులు వేయాలి. రెండోది ప్రసవానికి కనీసం రెండు వారాల ముందు పూర్తి కావాలి. ఆ వ్యవధి లేకపోతే తల్లి శరీరంలో ప్రతిరక్షకాలు తగినంతగా ఏర్పడి బిడ్డకు చేరడానికి సమయం చాలదు. మొదటి డోసు ఒక్కటే తీసుకున్నవారికి నమ్మదగిన రక్షణ ఉండదు. బాల్యంలో మూడు డోసులు మాత్రమే అందినవారికి గర్భధారణలో రెండు డోసులు, నాలుగు అందినవారికి ఒక బూస్టర్ సిఫారసు చేస్తారు. అప్పుడు తీసుకున్న డోసులను ఆ గర్భంతో మరిచిపోకుండా జీవితకాలపు లెక్కలో కలపాలి. కార్డు పోగొట్టుకోవడం వల్ల అవే మొదటి రెండు డోసులను ప్రతి గర్భంలోనూ మళ్లీ మళ్లీ వేయించుకునే స్త్రీలు ఉన్నారు.

గాయమైనప్పుడు

మొదటి పని టీకా కాదు, కడగడం. ధారగా పారే శుభ్రమైన నీటితో, సబ్బుతో గాయాన్ని బాగా కడిగి, మట్టినీ ముళ్లనూ తొలగించాలి. చచ్చుబడిన కణజాలం ఉంటే వైద్యులు తీసివేస్తారు. గాయంపై మట్టి, బూడిద, పేడ వంటివి పూయడం సిద్ధబీజాలను స్వయంగా లోపలికి పంపడమే.

తరువాత రెండు ప్రశ్నలు: ఇప్పటివరకు ఎన్ని డోసులు అందాయి, చివరిది ఎప్పుడు? కనీసం మూడు డోసులు అందినవారికి, గాయం చిన్నదీ శుభ్రమైనదీ అయితే చివరి డోసు నుంచి పదేళ్లు గడిచినప్పుడే బూస్టర్ అవసరం. మురికి గాయం, లోతైన గాయం, కాలిన గాయం అయితే అయిదేళ్లు గడిస్తే చాలు. మూడు కంటే తక్కువ డోసులు అందినవారికీ, లెక్క తెలియనివారికీ ఏ గాయమైనా టీకా వేయాలి. మురికి గాయమైతే దానితోపాటు ధనుర్వాత ఇమ్యూనోగ్లోబులిన్ కూడా వేరే చోట, వేరే సిరంజితో ఇవ్వాలి. అనేక దేశాల వైద్య మార్గదర్శకాలు ఈ నియమాన్నే కొద్దిపాటి తేడాలతో పాటిస్తాయి.

రెండు ఇంజెక్షన్లు ఎందుకన్న సందేహం చాలామందికి కలుగుతుంది. టీకా శరీరాన్ని ప్రతిరక్షకాలు తయారుచేయడానికి సిద్ధపరుస్తుంది, మొదటిసారి వేయించుకునేవారిలో ఆ పనికి వారాలు పడుతుంది. ఇమ్యూనోగ్లోబులిన్ తయారైన ప్రతిరక్షకాలనే నేరుగా అందిస్తుంది, కానీ కొన్ని వారాలలోనే తగ్గిపోతుంది. గాయమైన 24 గంటలు దాటితే ఇక ప్రయోజనం లేదన్న నమ్మకం సరైనది కాదు. ఆలస్యమైనా వెళ్లాలి.

దెబ్బ తగిలిన ప్రతిసారీ ఒక ఇంజెక్షన్ వేయించుకోవడాన్ని చాలామంది జాగ్రత్తగా భావిస్తారు. నా దృష్టిలో ఈ అలవాటు లోటును కప్పిపుచ్చుతుంది. వరుస పూర్తి చేయనివారికి ఒంటరి డోసు తగిన రక్షణ ఇవ్వదు. వరుస పూర్తయినవారికి కొద్ది నెలల వ్యవధితో వేసే అదనపు డోసు వల్ల చేయి వాచి, ఎర్రబడి, నొప్పి తీవ్రంగా ఉండే ప్రమాదం పెరుగుతుంది. డోసు వేసే ముందు కార్డు అడగని చోట, వేసిన తరువాత కార్డులో రాయని చోట, ఎన్ని ఇంజెక్షన్లు ఖర్చయినా రక్షణ ఎంత పెరిగిందో ఎవరికీ తెలియదు.

టీకా శాతాలను చూసేటప్పుడు

ప్రచురించే సంఖ్యలలో ఎక్కువగా కనిపించేది శిశువులలో మూడో డోసు అందినవారి శాతం. ప్రపంచవ్యాప్తంగా అది 2019లో 86 శాతం ఉండగా, కోవిడ్ కాలంలో 2021 నాటికి 81 శాతానికి పడిపోయింది. ఈ సంఖ్య ముఖ్యమైనదే గానీ, బూస్టర్ల గురించి అది ఏమీ చెప్పదు. మూడు డోసులతో ఆగిపోయిన బిడ్డ కొన్నేళ్లకు మళ్లీ ప్రమాదంలో పడుతుంది. కాబట్టి మూడో డోసు శాతం పక్కనే బూస్టర్ల శాతాన్నీ, పుట్టిన సమయానికి తల్లి ద్వారా రక్షణ పొందిన శిశువుల శాతాన్నీ పెట్టి చూడాలి. ఈ మూడింటిలో ఏది తగ్గినా దాని ఫలితం వేర్వేరు వయసులలో, వేర్వేరు కాలాలలో కనిపిస్తుంది: తల్లుల శాతం తగ్గితే కొద్ది నెలలలోనే, బూస్టర్ల శాతం తగ్గితే చాలా ఏళ్ల తరువాత.

నిల్వ గురించి ఒక మాట. ధనుర్వాత టీకాను 2 నుంచి 8 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉంచాలి. ఇది వేడిని కొంతవరకు తట్టుకుంటుంది గానీ గడ్డకట్టడాన్ని తట్టుకోదు. గడ్డకట్టి కరిగిన సీసా బయటికి మామూలుగానే కనిపించవచ్చు. బాగా కుదిపి కొంతసేపు ఉంచితే దానిలో అవక్షేపం త్వరగా అడుగుకు దిగుతుంది. అనుమానం కలిగితే, అదే బ్యాచ్ నుంచి కావాలని గడ్డకట్టించి కరిగించిన సీసాతో పోల్చి చూసి, తేడా లేకపోతే పారవేయాలి. కార్డులో డోసులన్నీ ఉన్నప్పటికీ కేసులు వచ్చిన చోట ఫ్రిజ్‌ను కూడా పరిశీలించాలి.

ఒక కేసు బయటపడిన తరువాత

రోగి చికిత్సలో ఉండగానే విచారణ మొదలుపెట్టండి. గాయం ఎప్పుడు, ఎలా అయింది, అప్పుడు ఎక్కడికైనా వెళ్లారా, వెళితే టీకా గురించి ఎవరైనా అడిగారా, అంతకు ముందు ఎన్ని డోసులు అందాయి అని రాసుకోండి. గాయంతో ఆరోగ్య కేంద్రానికి వచ్చి కూడా టీకా పొందకుండా వెళ్లినవారు ఉంటే, లోపం ప్రజల అవగాహనలో లేదు, ఆ కేంద్రపు పనితీరులో ఉంది. నవజాత శిశువు అయితే ప్రసవం ఎక్కడ జరిగింది, బొడ్డుతాడును దేనితో కోశారు, దానిపై ఏమైనా పూశారా అని అడగండి. తల్లికి వెంటనే మిగిలిన డోసులు ప్రారంభించి, అదే మంత్రసాని చేతుల మీదుగా ప్రసవించిన ఇతర తల్లులనూ, చుట్టుపక్కల ఉన్న ప్రసవ వయసు స్త్రీలనూ పరీక్షించండి.

కోలుకున్న రోగి విషయంలో చాలాచోట్ల జరిగే పొరపాటు ఒకటుంది. వ్యాధి వచ్చి తగ్గింది కాబట్టి ఇక టీకా అక్కరలేదని అతన్ని అలాగే ఇంటికి పంపేస్తారు. ముందే చెప్పినట్టు ఈ వ్యాధి రక్షణను మిగల్చదు గనుక, ఆసుపత్రి నుంచి పంపించే లోపే అతనికి మొదటి డోసు వేసి, రెండో డోసు తేదీని కార్డుపై రాసి, ఆ తేదీన అతన్ని ఎవరు పిలుచుకురావాలో కూడా నిర్ణయించాలి.